ప్రాణమున్న పురుగులు కావలెను

ఊళ్లో పత్తికి మందు కొట్టేవాణ్ని. దుబాయ్ వచ్చాక వంటగదులకు కొట్టాను. పంట మారింది గానీ పంపు నా భుజం దిగలేదు. ఎనిమిదేళ్లలో నన్ను పిలిచిన ప్రతి ఇల్లూ ఒకటే కోరింది, పురుగన్నది కంటికి కనబడకూడదని. కరోనా ఏడాదిలోనైతే నా తెల్ల సూటు చూసి జనం పక్కకు జరిగి దారిచ్చేవారు. అంత మర్యాద మా ఊరి సర్పంచికి కూడా దక్కలేదు.

ఆ మరుసటి ఏడు ఒక పొద్దున, మూడు నెలలకోసారి కొట్టే మందు తొలిసారి కొట్టడానికి ఒక ఫ్లాటుకు వెళ్లాను. అందులో ఉండేది కాకినాడ వైపు సారు. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఆఫీసు ఉద్యోగం, ఒంటరి మనిషి. తలుపు తీసి, రెండు చేతులూ బార్లా చాపి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దయ్యా బాబూ! లోపల పసిపిల్లలున్నారు."

వెంటనే పంపు దించాను. "ఎన్ని నెలలు సార్?"

"నెలలేంటయ్యా, మూడ్రోజులు."

"ఒక్కరేనా?"

"ఇరవై ముగ్గురు."

లోపలికి తీసుకెళ్లి చూపించాడు. జాలీ పెట్టెలో సన్నపాటి కొమ్మల మీద గోరంతేసి ఊసరవెల్లి పిల్లలు. తల్లి గుడ్లు పెట్టి చచ్చిపోయిందట. ఆ గుడ్లను డబ్బాలో పెట్టుకుని, ఆఫీసుకు వెళ్లేముందూ వచ్చాకా చూసుకుంటూ ఏడెనిమిది నెలలు కాపాడాడట. చిన్నప్పుడు ఊసరవెల్లి కనబడితే నేను రాయి తీయకుండా ఊరుకున్నది లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ పిల్లలకు తిండి లేదు. వాటికి కదిలే పురుగే కావాలి. అది వాటి రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. దుకాణంలో కొన్న కీచురాళ్లు ఈ పిల్లల్నే తినేసేలా ఉన్నాయి. చిన్నవి వచ్చే వారం వస్తాయన్నారట.

"పురుగుల మనిషివి, నీకు తెలీని చోటుంటుందా? రెండ్రోజుల్లో ఏదోటి తేకపోతే ఒక్కటీ మిగలదయ్యా," అన్నాడు.

అబద్ధమెందుకు, నాకు గర్వమనిపించింది. తెలిసిన చోట్లన్నీ తలుచుకున్నాను. హోటళ్ల వెనక సందులు, గోదాములు, బేకరీలు. అన్నిచోట్లా నేనే మందు కొట్టి ఉన్నాను, గ్యారంటీతో సహా. నేనెరిగిన దుబాయ్‌లో మందు పడని చోటు ఒక్కటే మిగిలింది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో మా కంపెనీ క్యాంపు, అందులో మా గది. ఊరి పురుగులన్నీ చంపేవాళ్ల గదిని పట్టించుకునే నాథుడు లేడు. ఆరుగురం ఉండేవాళ్లం, మాతోపాటు ఇంతింత బొద్దింకలు.

నువ్వుగింజంత బొద్దింక పిల్లల్ని ఏరి, డ్యూటీ డబ్బాలో వేసుకుని, మర్నాడు యూనిఫాంతోనే వెళ్లాను. మూత తీస్తే అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. డబ్బాకు మందు, నా జేబుకు మందు. సార్ ఒకదాన్ని పుల్లతో కదిలించి పిల్ల ముందు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అది తింటే పిల్లలు గూడ పోతయి సార్."

అప్పటికే నాలుగు ఆకలితో పోయాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఎప్పుడూ చంపమంటేనే చంపినవాణ్ని, ఈసారి బతికించమంటే కూడా చంపాను.

గదికి వచ్చి, కొత్త సబ్బుతో మూడుసార్లు స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టాను. మా గదిలో మెత్తబడిన అరటిపళ్ల మీద సన్న ఈగలు ముసురుతుంటాయి. పండుముక్క వేసిన సీసా పెట్టి వాటిని పట్టసాగాను. జగిత్యాల అన్న మంచం మీంచి చూసి నవ్వాడు.

"ఏందిరా, పొద్దంతా సంపుడు, రూముకొచ్చి సాదుడా?"

ఆ లుంగీతోనే బస్సెక్కి, సీసాను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఈగ ఒకటి కొమ్మ మీద వాలింది. పిల్ల ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పి, రెండూ ఈగ మీదకు తెచ్చి నాలుక విసిరింది. ఈగ లేదు. సార్ నన్ను గట్టిగా కావలించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఒక్క ఈగ చచ్చినందుకు ఇంత సంతోషం ఎనిమిదేళ్లలో ఎరగను.

సీసా అక్కడే వదిలి వచ్చాను. రెండు వారాలకు అందులోని ఈగలు పిల్లాపాపలతో అంతస్తంతా కాపురం పెట్టాయి. కంపెనీకి ఫిర్యాదు వచ్చింది. మా ముదీర్, అంటే మేనేజరు, జాబ్ కార్డు నా చేతిలో పెట్టాడు.

"యల్లా! ఫ్లోర్ మొత్తం మారో. ఖలాస్ కావాలి."

కార్డులో మొదటి నంబరు ఆ ఫ్లాటుదే. ఈగల్ని పెంచింది నేను, చంపాల్సిందీ నేనే. కొట్టకపోతే నా ఉద్యోగం, కొడితే పంతొమ్మిది ప్రాణాలు. బండి దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. చివరికి పంపు మార్చి, అప్పుడే వచ్చిన కొత్త పంపులో ఒట్టి నీళ్లు నింపాను.

తలుపు తీసిన సార్ నా యూనిఫాం చూసి మళ్లీ చేతులు చాపాడు.

"నీళ్లే సార్. సప్పుడు జెయ్యకుండ్రి. ఆ సీసా మూతికి మాత్రం గుడ్డ గట్టుండ్రి."

అంతస్తంతా మాస్కు పెట్టుకుని, మూలమూలనా శ్రద్ధగా నీళ్లు కొట్టాను. పక్క ఫ్లాటు ఆవిడ "ఈసారి మందు బాగుంది, వాసనే లేదు" అని మెచ్చుకుంటూ సంతకం పెట్టింది.

తిరిగి వస్తుంటే సార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరచేతిలో ఒక పిల్ల.

"మొదటి ఈగను పట్టింది ఇదేనయ్యా. తీసుకో, ఒకసారి పట్టుకో."

చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"నీళ్లేగా కొట్టావు?"

"ఇయ్యాల నీళ్లే సార్. చేతులు మాత్రం పాతయే."