సీలు వేసిన షెడ్డులో దగ్గు

దయ్యాల మాటెత్తితే నవ్వేసేవాణ్ణి. మహారాష్ట్రలోని నాందేడ్‌లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి బతుకుతున్నాను. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది చెబుతాను, అంతే.

మా గంగక్క ఇల్లు ఊరి చివర, రంగుల ఫ్యాక్టరీ వెనక ఉంది. షెడ్డు గోడే ఆమె వంటింటి గోడ. బావ సాయన్న ఆ షెడ్డులోనే డ్రమ్ములు మోసి, ఊపిరితిత్తులు పాడై, పోయిన ఏడాది చనిపోయాడు.

తర్వాత ఫ్యాక్టరీ పర్మిట్ గడువు తీరింది, మూతపడింది. విషపు మడ్డి నిండిన డ్రమ్ములు మాత్రం లోపలే ఉండిపోయాయి. పర్మిట్ లేనిదే వాటిని అక్కడ ఉంచకూడదు. పర్మిట్ లేనిదే అక్కణ్ణుంచి కదిలించనూ కూడదు. అధికారులు తలుపుకు సీలు వేసి వెళ్లారు.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, జర రా. షెడ్డుల మీ బావ దగ్గుతుండు."

దిగులుతో అలా అనిపిస్తోందనుకున్నాను. వెళ్లి గోడకు చెవి ఆనించాను. పొడి దగ్గు. ఆగి, గొంతు సవరించుకుని, మళ్లీ దగ్గు. మంచం పట్టిన రోజుల్లో బావ అచ్చం అలాగే దగ్గేవాడు.

ఎవరో లోపల చిక్కుకున్నారనుకుని ముందువైపు పరుగెత్తాను. సీలు చెక్కుచెదరలేదు. ఆ షెడ్డుకు కిటికీలు లేవు.

కబురందుకుని, సీలు వేసినవాళ్లలో ఒక అధికారి వచ్చాడు. తలుపు దగ్గర వంగి, "ఆత్ కోణ్ ఆహే?" అని మరాఠీలో అడిగాడు. లోపల ఎవరని. జవాబుగా దగ్గే వినిపించింది. ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు.

"తీయండి సార్, మనిషి చచ్చిపోతాడు" అన్నాను.

పై ఆఫీసు ఉత్తర్వు లేనిదే సీలు ముట్టుకోలేనన్నాడు. విషవాయువు ఉంటుందనీ, ముసుగులు లేకుండా ఎవరినీ పంపలేననీ అన్నాడు. పోలీసులూ వచ్చి బయటే నిలబడ్డారు. అందరం ఆ దగ్గు వింటూనే ఉన్నాం. పొద్దు వాలేసరికి అది సన్నబడింది.

అక్క గోడ పక్కన కూర్చుని, "జర ఓర్సుకో. సార్లు కాయిదం తెస్తున్నరు" అంటూనే ఉంది.

ఉత్తర్వు మర్నాడు వచ్చింది. ముసుగులు వేసుకుని లోపలికి వెళ్లినవాళ్లకు డ్రమ్ములు తప్ప ఏమీ కనబడలేదు. నేలంతా దుమ్ము, దాని మీద ఒక్క అడుగు జాడ కూడా లేదు.

కొన్నాళ్లకు డ్రమ్ములు తరలించడానికీ అనుమతి దొరికింది. లారీ ఎక్కిస్తుంటే అక్క డ్రైవర్‌ని అడిగింది. "ఏడికి తీస్కపోతున్నరు బిడ్డా?"

"శుద్ధి చేసేకాడికి అవ్వా. మందు కలిపి గట్టిగ చేసి, గుంతల పూడ్చి, పైన మూసేస్తరు. ఇగ బయటికి రాదు."

అప్పటిదాకా అప్పుడప్పుడూ వినిపించిన దగ్గు ఆ రోజు నుంచి వినిపించలేదు. అది ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆ అధికారికీ తెలియదు.

లారీ మలుపు తిరిగాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "తమ్మీ, గట్ల మూసేస్తే ఆయనకు ఊపిరెట్ల ఆడుతది?"