గొంగడి కప్పుకున్న కారు

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజమని, ఈ పూట తిన్న పెరుగన్నం మీద ప్రమాణం చేస్తున్నాను. (చెయ్యి ఇంకా కడుక్కోలేదు కాబట్టి నమ్మాలి.) నా మాటల్లో సగం తీసేసి వినడం మా బంధువులకు అలవాటు. మీరు మాత్రం ఈ ఒక్కసారికి ఏమీ తీసేయకండి. ఆ రోజుల్లో, అంటే యాభైల్లో, కోడుమూరు చుట్టుపక్కల ఇంట్లో కారు ఉండడమంటే ఏనుగు ఉన్నట్టే. చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు, దాని మేత గురించి ఆరా తీసేవాళ్ళు, అది కదలనని మొరాయిస్తే ఇంటాయన పరువు పోయేది. మా మేనమామకు అలాంటి కారొకటి ఉండేది. నేను ఆ ఊళ్ళో కొత్తగా బడిపంతులుగా చేరి వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మామకు ఒక్కతే కూతురు. ఉగాది దాటాక ఆ పిల్లను నాకే ఇస్తారని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. పైకి అనాల్సిన మామ ఒక్కడే ఇంకా అనలేదు.

ఆ కారు కోసం మామ తన ఎద్దుల జతను అమ్మేశాడు. ఖాళీ అయిన కొట్టానికి పెద్ద తలుపులు పెట్టించి కారు షెడ్డు అని పేరు పెట్టాడు. అత్తకు మాత్రం అది ఎప్పటికీ కొట్టమే. తెల్లారకముందే లేచి, ఇంటి వాకిలితో పాటు దాని ముందు కూడా ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గేసేది. పుష్యమాసం వచ్చిందంటే ఆ బయలు గాలికి కారు ఏ గొడ్డూ పడుకోనంత మొండిగా పడుకునేది. అందుకని సాయంత్రం ఇల్లు చేరగానే మామ దాని ముక్కు మీద గొర్రెబొచ్చు గొంగడి కప్పి, తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కి, తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకునేవాడు. పొద్దున కారు ముక్కులో ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పడం నా పని. భుజం ఊడి చేతికొస్తుందేమో అన్నంతసేపు తిప్పితే అది ఒకసారి దగ్గి, మళ్ళీ నిద్రపోయేది.

అలాంటిది ఒకరోజు మొదటి తిప్పుకే గుర్రుమని లేచింది. నా కండలు పెరిగాయని నేను మురిసిపోతున్నాను. మామ బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసి, నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"వెచ్చగుండాది. ఏమిరా అల్లుడూ, రేత్రి యాడికి పోయింటివి?"

"యాడికీ పోలేదు మామా. పండుకోనుంటి."

"కర్నూల్లో సెకండ్ షోకు నువ్వు పోకపోతే, నా కారు ఒగటే పోయి సూసొచ్చిందా?"

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కారు సుఖంగా లేచినకొద్దీ మామ మొహం మాడిపోయేది. ఎదురింటి సాయిబు నవ్వితే ఒక అనుమానం, నవ్వకపోతే ఇంకో అనుమానం. ఊరంతా తిరిగి తిరిగి ఆ అనుమానం చివరికి నా దగ్గరే వచ్చి కూర్చునేది. "కారు దొంగకు నేను పిల్లనియ్యను" అని, నాకు వినపడేటట్టు అత్తతో అన్నాడు. అత్త పెరుగు వడ్డించింది. "ఈ సలిలో గూడా గడ్డపెరుగు! నీ సేతి సలవ అట్లాంటిది" అని మెచ్చుకుని, అదే నోటితో నన్ను కొరకొరా చూశాడు.

దొంగ అడుగులు పట్టడానికి మామ పొయ్యిలోని బూడిద జల్లించి షెడ్డు వాకిట్లో పరిచాడు. పొద్దున చూస్తే అక్కడ అడుగుల్లేవు, చక్కటి చుక్కల ముగ్గు ఉంది. "వాకిలి ఊడ్సకుండా పాడు పెట్టమంటావా?" అని అత్త ఎదురు తిరిగింది. మామ ఈసారి బూడిదను షెడ్డు లోపల, కారు చుట్టూ పరిచాడు. తెల్లారి ఆ బూడిదా చాలామటుకు పోయింది. మిగిలిన పొరలో గుండ్రటి గుర్తొకటి ఉంది. ఇంజను మీద తెల్లటి చుక్కలున్నాయి. మామ నా కాలు పట్టుకుని ఆ గుండ్రటి గుర్తులో పెట్టి చూశాడు. (అది సరిపోయే కాలు భూమ్మీద ఏ బడిపంతులుకూ ఉండదు.) సరిపోకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. "కాలికి ఏందో కట్టుకోనొచ్చినాడు. రేపు పొద్దున్నకు వాడెవుడో తేల్చు. తేల్చకపోతే మీ ఊరికి బస్సెక్కు" అన్నాడు.

నాకు నిద్ర పడుతుందా? తెలతెలవారుతుండగా షెడ్డు వెనక్కు వెళ్ళి నిలబడ్డాను. అక్కడ వంటింటి వైపు చిన్న వాకిలొకటి ఉంది. పూర్వం పాలు పితకడానికి ఆడవాళ్ళు వాడేది. దాని గొళ్ళెం వంటింటి వైపే ఉంది కాబట్టి అటునుంచి దొంగ రాడని మామ లెక్క. ఆ వాకిలి తెరుచుకుంది. పాత బొంతలో చుట్టిన దేన్నో పొట్టకు హత్తుకుని అత్త బయటికొచ్చింది. వెనకాల దీపం పట్టుకుని మరదలు. నన్ను చూసి ఇద్దరూ కొయ్యబారిపోయారు. బొంత తొలగించి చూస్తే, లోపల పెరుగు కుండ!

"ఏం జేతునప్పా?" అంది అత్త. "సలికి పాలు తోడుకోవు. పెరుగు పల్సగుంటే మీ మామ గిన్నె ఇసిరేస్తాడు. కారు వచ్చినాక దాని కడుపులో శానాసేపు వేడి ఉంటాది. ఇంజను మీద కుండ పెట్టి బొంత కప్పితే పిల్లి గూడా రాదు."

"మరి బూడిద?"

"నేల మీద బూడిద పడుంటే ఊడ్సకుండా ఎట్ల వస్తారప్పా?"

ఆ బొంత పెరుగుతో పాటు ఇంజన్ని కూడా తెల్లవార్లూ చల్లారనివ్వలేదన్నమాట. మరదలు ఒక్కమాటే అడిగింది: "బావా, నాయనకు సెప్తావా?"

చెబితే నేను బతుకుతాను, అత్త ఇరుక్కుంటుంది. చెప్పకపోతే బస్సు. మామ చద్దికి కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడి, నా జీవితంలోకెల్లా పెద్ద కథ అల్లాను. "మామా, అది మన మల్లన్న" అన్నాను. మామ అమ్మేసిన ఎద్దుల్లో మల్లన్న ఒకటి. కొన్నవాళ్ళింట్లో ఏడాది తిరక్కుండానే అది చచ్చిపోతే, మామ ఆ పూట అన్నం ముట్టలేదు. బూడిదలో గుండ్రంగా ఉన్నది దాని గిట్ట, తెల్లచుక్కలు దాని నోటి నురగ, తన పాత చోటు కోసం వచ్చి కారుకు ఒరిగి పడుకుంటుంది కాబట్టి ఆ వెచ్చదనం అని చెప్పాను. మామ కళ్ళనీళ్ళు పెట్టుకుని అంతా నమ్మాడు. ఆ సాయంత్రం నుంచి కారు ముందు కట్టెడు జొన్నసొప్ప వేసేవాడు. ఉగాది దాటాక మా పెళ్ళయింది.

ప్రమాణం చేశాను కాబట్టి చెయ్యి కడుక్కునే ముందు ఒకటి ఒప్పుకోవాలి. మామ నమ్మాడన్న ముక్క నేను కల్పించిందే. నిజానికి ఆయన పెరుగు కలుపుకుంటూ కథంతా విని, వేళ్ళు నాకి ఇలా అన్నాడు: "ఎద్దు గిట్ట నడిమికి రెండుగా సీలుంటాది రా పంతులూ. ఇంగొగటి, ఈ పెరుగులో పెట్రోలు వాసన వస్తాండాది."

"తెలిసి నన్నెందుకు బస్సెక్కమంటివి మామా?"

"ఇంట్లో ఆడోళ్ళను నువ్వు పట్టిస్తావో లేదో సూద్దామని."

సొప్ప వేసిన మాట మాత్రం నిజమే. ఎందుకు వేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు నాకూ ఒక పాత కారుంది, దానికో రేకుల షెడ్డుంది. చలికాలం సాయంత్రాలు ఇంటికి రాగానే బానెట్ తెరిచిపెట్టి, మా ఆవిడ కుండతో వచ్చి వెళ్ళేదాకా అటు తిరిగి నిలబడతాను.