ఆ ముక్కలో కండ లేదు

మా వదినకు ల్యాబులో మొండిఘటం అని పేరు. పెట్టింది నేనే, దాచడమెందుకు? అన్నయ్యను చేసుకున్న ఏడాదికే ఆవిడ నన్ను తను పనిచేసే ఆసుపత్రిలో టైపిస్టుగా చేర్పించింది. ఇంట్లో ఆవిడ పోరు చాలదన్నట్టు ఆఫీసులోనూ భరించాల్సి వచ్చింది. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో పొదిగి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గాజు పలకల మీద రంగు వేయడం ఆవిడ పని. పెద్ద డాక్టరు మైక్రోస్కోపులో చూసి చెప్పింది టైపు చేయడం నా పని.

ఒకసారి ఒక బస్సు డ్రైవరు ముక్క మా దగ్గరికి వచ్చింది. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. ఆగని కడుపునొప్పి, మలంలో రక్తం, స్కానులో పెద్దపేగు గోడలో నిమ్మకాయంత గడ్డ. గొట్టం వేసి గిల్లి తీసిన ముక్క మొదటిసారి వచ్చినప్పుడు ‘క్యాన్సర్ లేదు’ అని పంపాం. నొప్పి తగ్గక మళ్లీ ముక్క తీసి పంపారు. డాక్టరు మళ్లీ అదే మాట చెబుతుంటే, వదిన వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

“సార్, అలా పంపకండి. ఆ ముక్కలో కండ లేదు.”

“పేగు లోపలి పొర శుభ్రంగా ఉందమ్మా. ఇంకేం కావాలి?”

“గడ్డ ఆ పొర కింద, కండలో ఉంటే? గొట్టంతో గిల్లితే పైపొరే వస్తుంది. వెతకని చోట లేదని ఎలా రాస్తాం?”

డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. “కోసేది నువ్వు, చూసేది నేను. వెయ్యి పేగు క్యాన్సర్లలో ఒకటి కూడా అలాంటిది ఉండదు.”

“ఆ ఒక్కటీ ఈయనదే అయితే? ఇంటికి పంపేస్తామా?”

ఆయన నావైపు తిరిగి, “నువ్వు కానివ్వు,” అన్నాడు. నా వేళ్లు కదల్లేదు. ఉద్యోగం పోతే ఇద్దరికీ ఒకేసారి పోతుంది. వదిన మాత్రం అంగుళం జరగలేదు. నాకెక్కడి తెగువ వచ్చిందో, “సార్, లోతు కండ ఇందులో రాలేదు, మళ్లీ తీయాలి అని ఒక్క వాక్యం కలపనా?” అని అడిగాను.

ఆయన ఇద్దర్నీ కొరకొరా చూశాడు. “చావండి, కలపండి.”

ఆ వాక్యం చదివిన సర్జన్ ఈసారి సూదితో లోతునుంచి ముక్క తీయించాడు. అందులో కండ ఉంది, కండలో క్యాన్సర్ ఉంది. మాత్రలకు లొంగే ఇంకో రకం గడ్డేమోనని ప్రత్యేకమైన రంగులు కూడా వేయించాడు డాక్టరు. కండ కణాల్లో ఉండే గుర్తులకు రంగు పట్టింది, ఆ రెండో రకం గడ్డ గుర్తుకు పట్టలేదు. పేగు కండలోనే పుట్టిన అరుదైన క్యాన్సర్. ఇంకా ఎక్కడికీ పాకలేదు కాబట్టి, అంత మేర పేగు కోసి తీసేస్తే ఆశ ఉంది. నేను గెలిచినంత సంబరపడ్డాను. వదిన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

మర్నాడు డ్రైవరు భార్య కాగితాలన్నీ పట్టుకుని మా గదికే వచ్చింది. “మొదట లేదన్నారు. ఇప్పుడు ఉందంటున్నారు. ఏది నమ్మి ఆయన్ని కోయించుకోమంటారు? ఎవరు చేశారీ పని?”

డాక్టరు గది తలుపు మెల్లగా మూసుకుంది. నేను కంప్యూటరు వెనక తల దాచుకున్నాను. వదిన చేతి తొడుగులు తీసేసి ఆవిడ ఎదురుగా వెళ్లింది.

“మొదటి ముక్క కోసింది కూడా నేనేనమ్మా. అందులోనూ కండ లేదు. అప్పుడే తెలుసు నాకు. పెద్దవాళ్లకు చెప్పేదేముందిలే అని నోరు మెదపలేదు. రెండు నెలలు పోయాయి. ఆ తప్పు నాది. ఎంత తిడతారో తిట్టండి, ఎక్కడికీ పోను. ఆపరేషన్ మాత్రం ఆపకండి.”

ఈ సంగతి నాకు కూడా చెప్పలేదు మహాతల్లి. డ్రైవరు భార్య తిట్టింది. వినలేని మాటలే తిట్టింది. వదిన తల దించుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, సంతకం పెట్టని ఆపరేషన్ కాగితం బల్ల మీద పరిచింది.

“పెన్నివ్వండి,” అంది.