చీరల కవరు చుట్టిన లైటు

ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా మా అత్త ముందు దానికి తొడుగు వెతుకుతుంది. టీవీ రిమోటు పాలిథిన్ కవరులో ఉంటుంది. మిక్సీకి గుడ్డ, ఫ్రిజ్ పిడికి గుడ్డ. సోఫా కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ దానంతటది చిరిగిపోయేదాకా సోఫా మీదే ఉంది. ఎండాకాలంలో కూర్చుని లేస్తే వీపు అంటుకుపోయేది. కర్నూలు దుమ్ముకు ఆమాత్రం జాగ్రత్త ఉండాలంటుంది. కడప నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఎగతాళి చేసేదాన్ని. తర్వాత నా ఫోనుకు కూడా ఆమే కవరు తొడిగింది.

మాది వన్‌టౌన్‌లో చీరల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. పేరుకు అంగడి మా ఆయనది, నడిపేది అత్త. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు నేరుగా వెళ్లి ఆమె ముందు కూర్చుంటారు. "ఈ రంగు నీకొద్దులేమ్మా, మొగం ఇంకా నల్లగ కనపడతాది" అని ఆమె అంటే ఎవరికీ కోపం రాదు, ఇంకో చీర చూపించమంటారు. అదే మాట నేనంటే లేచి పక్క అంగడికి పోతారు.

అలాంటి మనిషికి కిడ్నీ మార్చాల్సి వచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు వాడాలి. ఆ మందులు రోగాలను ఎదుర్కొనే శక్తిని కూడా తగ్గిస్తాయి. జనంలో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పైగదిలో ఉంచి, కంచం గడప దగ్గర పెట్టి, మాస్కుల్లోంచి మాట్లాడేవాళ్లం. కొంత కోలుకున్నాక ఆమె మెట్ల పైన కుర్చీ వేసుకుని కింద బేరాలు వినడం మొదలుపెట్టింది. "ఆ యమ్మకు ఆకుపచ్చది చూపియ్యి" అని అక్కడినుంచే అరిచేది. రంగు ఎలా తెలిసిందని అడిగితే గొంతును బట్టి చెప్పినానంటుంది. మనిషి బతికింది గానీ బతుకంతా కింద ఉండిపోయింది. అది చూడటం నాకు కష్టంగా ఉండేది.

పెళ్లికి ముందు నేను ఒక ల్యాబులో పనిచేశాను. అక్కడ క్రిములను చంపడానికి యూవీ లైటు ఉండేది. మనుషులు బయటికి వెళ్లాకే దాన్ని వేయాలి, లేకపోతే కళ్లు, చర్మం దెబ్బతింటాయి. ఇప్పుడు ఫార్ యూవీ అని ఇంకో రకం వచ్చిందని చదివాను. దీని కిరణాల్ని మన చర్మం మీది చచ్చిన పొర, కంటి మీది తడి ఆపేస్తాయి. బాక్టీరియాకు, వైరస్‌కు అలాంటి అడ్డు లేదు కాబట్టి అవి చస్తాయి. తగిన మోతాదులో బిగిస్తే జనం కూర్చుని ఉండగానే వేసుకోవచ్చు. డాక్టరును అడిగితే ఆయన పెద్దగా మురిసిపోలేదు. "పెట్టుకోండి. కానీ మాస్కు తీయొద్దు, తలుపులు మూయొద్దు, దగ్గేవాళ్ల దగ్గర కూర్చోబెట్టొద్దు" అన్నారు. నా లెక్కలో అది ఒప్పుకున్నట్టే.

ఉగాది దాటాక కింద అంగడిలో అత్త కూర్చునే చోటికి పైన లైటు బిగించారు. లేత ఊదారంగు వెలుగు, అదీ అంతంతమాత్రం. "ఇంతేనా?" అంది అత్త. మర్నాడు తలస్నానం చేసి, మాస్కు పెట్టుకుని, కిందికి దిగింది. మంత్రాలయం వైపు నుంచి పెళ్లివాళ్లు వచ్చి ఉన్నారు. మధ్యాహ్నానికల్లా వాళ్లలో ఒకావిడతో దెబ్బలాడి, మళ్లీ కలిసిపోయి, ఆమె చేత మూడు పట్టుచీరలు కొనిపించింది. ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉంది. ఎండాకాలమంతా అలాగే గడిచింది.

శ్రావణం బేరాలు మొదలయ్యే ముందు, లైటు బిగించినాయన చూసిపోవడానికి వచ్చాడు. నిచ్చెన ఎక్కి, కిరణాలు ఎంత వస్తున్నాయో చూడటానికి మీటరు పట్టాడు. అదేమీ చూపించకపోతే తట్టి మళ్లీ పట్టాడు.

"అక్కా, దీనికి కవరెవరు చుట్టినారు?"

చీరలకు వచ్చే పల్చటి కవరు. ముడతల్లేకుండా, చుట్టూ టేపు వేసి మరీ చుట్టారు. కింద నుంచి చూస్తే కనపడదు.

"ఇది ప్లాస్టిక్కు దాటి రాదక్కా. మామూలు అద్దం అడ్డం పెట్టినా రాదు. కంటికి కనపడే వెలుగొకటే బయటికొస్తాది. ఇన్నాళ్లు ఊరికే ఎలిగింది" అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను, ఆయన నేల వైపు చూశారు. తల్లి చెబితే మారుమాట్లాడకుండా నిచ్చెన ఎక్కే మనిషి మా ఇంట్లో ఆయనొక్కరే.

"కొత్తది కదా, దుమ్ము పడతాదని నేనే చుట్టమంటి" అంది అత్త. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె మాత్రం నవ్వలేదు. చేతిలోని చీరను సగం మడతలోనే వదిలేసి మెట్లెక్కి పోయింది.

కవరు తీసేశాం. లైటు సరిగ్గా పనిచేస్తోందని బిగించినాయన మీటరు చూపించి మరీ వెళ్లాడు. అత్తకు పరీక్షలు చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఆమె దిగలేదు.

"ఏమీ కాలేదు కదత్తా. ఇప్పుడు నిజంగానే పనిచేస్తాండాది" అన్నాను.

"లైటుండాదని ధైర్యంగ కూర్చుంటి. అది లేకుండానే అంతమందిలో ఉన్న్యానని తలుచుకుంటే ఇంగ మెట్లు దిగబుద్ధి కాదు" అంది.

నచ్చజెప్పాను, విసుక్కున్నాను, చివరికి వదిలేశాను. మెట్ల పైన కుర్చీ కూడా ఆమె లోపలికి జరిపేసుకుంది. కింద ఎవరు ఏ రంగు కొంటున్నారో పట్టించుకోవడం మానేసింది. శ్రావణం బేరం మా వల్ల కాలేదు. దానికంటే, పైనుంచి ఆ అరుపులు లేకపోవడం నాకు బాధగా ఉండేది.

ఒక సాయంత్రం కాఫీ గ్లాసు గడప దగ్గర పెడుతుంటే పిలిచింది.

"ఆ లైటు తీయించి ఈడ నా గదిలో పెట్టిచ్చమ్మా."

నాకు చిర్రెత్తింది. "ఈడ నువ్వొక్కదానివే కదత్తా. పదిమంది వచ్చిపోయే చోట అయితే దానికి పని. ఒక్కరే ఉండే గదిలో దాంతో ఏం పని?"

ఆమె మంచం మీది దుప్పటి ముడతలు చేత్తో సవరించింది.

"అయితే నువ్వొచ్చి కూచో" అంది.

ఆపరేషను అయినప్పటి నుంచి నేను ఆ గదిలో కూర్చోలేదు. ఊడవడానికి, మందులివ్వడానికి వెళ్లడమే, పని అవగానే బయటికి రావడమే. కింద మా ఆయన పిలుస్తున్నారు. వస్తున్నానని అనలేదు. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, మాస్కు సరిచేసుకుని, ఆమె మంచం పక్కన కూర్చున్నాను.