ఏమీ కొనని నోంబు

తెల్లారితే ఈస్టరు ముందరి యాభై రోజుల ఉపవాస దీక్ష, నోంబు. ఆ ఆదివారం మధ్యాహ్నం గొడ్డుమాంసం వేపుడు రెండోసారి వడ్డించుకుంటూ, ఈసారి మాంసంతో పాటు చేపలు కూడా మానేస్తానన్నాడు దేవస్య.

భార్య ఏలిక్కుట్టి గరిటె పక్కన పెట్టింది. మొగుణ్ణి ఊరందరిలాగే మర్యాదగా 'ఇచ్చాయా' అంటుంది. "ముల్లు గుచ్చుకుంటుందని ఏడాది పొడుగునా చేప ముట్టరు. అదో మానడమా ఇచ్చాయా? చేతనైతే కొనడం మానండి. తిండి, మందులు తప్ప ఇంకేదీ కొనకండి."

"ఓస్, అంతేనా!" అన్నాడు దేవస్య. అనేశాక కలిపిన ముద్దే మళ్ళీ కలుపుతూ ఉండిపోయాడు.

దేవస్య తండ్రి ఈ కొండల్లోకి వచ్చినప్పుడు గడ్డి కప్పిన గుడిసె ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఏలకులూ మిరియాలూ కురిపించిన డబ్బుతో మేడ లేచింది. పైన గదుల్లో పడుకునే మనిషి లేడు. వెనకాల షెడ్డులో గడ్డి కోసే యంత్రాలు, మందు కొట్టే యంత్రాలు, ఇంకా అట్టపెట్టె విప్పని రంపం. ఏది కొన్నా ఆ రోజంతా పసిపిల్లాడిలా తిప్పి తిప్పి చూసుకుంటాడు. మర్నాటికి అది షెడ్డులో ఉంటుంది, మనసు మళ్ళీ బజార్లో ఉంటుంది. "అంతా దేవుడిచ్చిందే" అని నలుగురిలో అంటాడు గానీ, ఇచ్చినదాని దగ్గర ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు.

నోంబు మొదలైంది. మాంసం గుర్తే రాలేదు. చేతులే ఊరుకోలేదు. పొద్దున్నే గేటు దాకా వెళ్ళి వచ్చేవాడు. జీపు తుడిచిందే తుడిచేవాడు. ప్రార్థనకు మోకాళ్ళ మీద కూర్చుంటే కొత్త రకం నీళ్ళ పంపు కళ్ళ ముందు తిరిగేది. ఒకరోజు ఉండబట్టలేక కట్టప్పన బజారుకి వెళ్ళి, ఎరిగిన ఇనప కొట్లో ఒక్కో వస్తువే తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేశాడు. ఇల్లు చేరేసరికే కొట్టు యజమాని ఇంటికి ఫోన్ చేసేశాడు.

"ఇచ్చాయన్‌కి ఒంట్లో బాగా లేదా అని అడిగాడు," అంది ఏలిక్కుట్టి నవ్వాపుకోలేక. "వచ్చి ఒట్టి చేతులతో వెళ్ళారట. పాపం, భయపడ్డాడు."

దేవస్యకు ఒళ్ళు మండింది. "నువ్వే కదే ఈ గొడవ తెచ్చిపెట్టావు!"

"నేను చెప్పాను. ఒప్పుకుంది మీరు."

మిరియాల కోత మధ్యలో వెదురు నిచ్చెన విరిగింది. కోతవాళ్ళు చెట్ల కింద కూలబడ్డారు. మామూలుగా అయితే ఆ గంటలోనే అల్యూమినియం నిచ్చెన జీపు మీద ఉండేది.

"రోసమ్మ చేడత్తి వాళ్ళ కోత అయిపోయింది. వెళ్ళి అడగండి," అంది ఏలిక్కుట్టి.

"నేనా? అడగడమా?"

పక్క తోట రోసమ్మకు డెబ్బై దాటాయి; చుట్టుపక్కల అందరికీ ఆమె చేడత్తి, అంటే పెద్దక్క. దేవస్య ఆ గడప తొక్కి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. వాకిట్లో నిలబడి, ఎటో చూస్తూ నిచ్చెన మాట ఎత్తాడు.

"ఒరేయ్ దేవస్సీ! నీకు లేనిది మా ఇంట్లో ఉందిరా?" ముసలమ్మ కళ్ళు చిట్లించి నవ్వింది. "ఇస్తాలే. ముందు లోపలికి రా."

"కోతవాళ్ళు చూస్తుంటారు చేడత్తీ..."

"చూడనీ. మిరియాలేమన్నా పారిపోతాయా?"

వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. ఉడికిన కర్రపెండలం, చిట్టి మిరపకాయలు ఉప్పేసి నూరిన పచ్చడి, బెల్లం కాఫీ పెట్టింది. దేవస్య మోకాలు ఊగుతూనే ఉంది. చెయ్యి జేబు మీదికి పోయింది. నిచ్చెనకు ఏదో ఒకటి ఇచ్చేస్తే తీరిపోతుంది.

రోసమ్మ చూసింది. "చెయ్యి తియ్యి. మీ అమ్మ నాకు జ్వరమొస్తే ఈ వంటింట్లోనే నెల పొడుగునా గంజి కాచింది. అప్పుడు నీకు జేబున్న చొక్కా కూడా లేదు."

పచ్చడి ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, తల వంచుకుని మరో ముక్క తీసుకున్నాడు. ఊరికే వచ్చిన దాన్ని ఎలా పుచ్చుకోవాలో మరిచిపోయానని అప్పుడు తట్టింది. తను కొన్నవాటికి బిల్లు ఉంటుంది, మాట పడక్కర్లేదు. ఇక్కడ మాట పడాలి, తినాలి, ఇంకాసేపు కూర్చోవాలి. నిచ్చెన భుజానికెత్తుకున్నాక, "మేలు చేశావు చేడత్తీ," అన్నాడు. ఆ ఒక్క మాటకే చెమట పట్టింది.

కోత ముగిశాక నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వెళ్ళి మళ్ళీ కాఫీ తాగాడు. అంతమాత్రాన అతని కాలు నిలిచిందనుకోకండి. ఈస్టరు నాడు బాతు కూర తిని, మర్నాడు పొద్దున్నే కట్టప్పన పోయి అల్యూమినియం నిచ్చెన కొనేశాడు. జీపు మీద తాడుతో కట్టేటప్పుడే దాని మీద సంబరం సగం చచ్చింది. వస్తుంటే రోసమ్మ గేటు దగ్గర నిలబడి కేకేసింది.

"కొనేశావట్రా! ఇంక మా ఇంటితో ఏం పని నీకు?"

దేవస్య జీపు ఆపాడు. దిగి, చెప్పులు విడిచి, నేరుగా వంటింటి వైపు నడిచాడు.

"కాఫీ ఉందా?" అన్నాడు.