ఒరిగిన కర్టెన్ ముక్క

దయ్యాలు, జిన్నులంటే నాకు నమ్మకం లేదు. అమ్మ తాయెత్తు కడితే విప్పి మేకుకు తగిలించే రకం నేను. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని అనడం లేదు. చూసింది చెబుతాను, అంతే.

తిరుపతిలో మాది కర్టెన్లు కుట్టే అంగడి. నేను, తమ్ముడు రఫీ నడిపేవాళ్లం. ఈ ఊళ్లోనే ఉండే ఒక రిటైర్డ్ ఇంజినీరు తన తెరచాప పడవకు కర్టెన్లు కావాలని వచ్చారు. పడవ మద్రాసులో ఉంటుందట. రఫీకి సముద్రమంటే పిచ్చి. ఎండకు వెలిసిపోనిది, తడిసినా త్వరగా ఆరేది వెతికి వెతికి, బూడిదరంగు గుడ్డ వాడే ఏరాడు.

ఇళ్లకు కుట్టే అలవాటు కొద్దీ పైన మాత్రమే కడ్డీ పెట్టి పంపాం. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశారు.

"పడవ ఒరిగితే మీ కర్టెన్లు గోడ వదిలేసి ముందుకొచ్చేస్తా ఉండాయప్పా. కింద కూడా కడ్డీ ఉండాల."

తప్పు మాదే. కడ్డీలు తీసుకుని రఫీ బయల్దేరాడు.

"పడవలో ఒక రౌండు తిప్పుతారంట భాయ్. ఆడనే బిగించేసి వస్తా."

సంతోషంగా పోయి రమ్మన్నాను.

కొత్త గుడ్డ ఏదైనా, బరువుకు ఎంత సాగుతుందో చూడటానికి ఒక ముక్క అంగట్లో వేలాడదీస్తాం. పడవ గుడ్డ ముక్క కూడా అలాగే గోడకు ఉంది. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, గాలన్నది లేదు. ఆ ముక్క కింది అంచు మెల్లగా గోడ వదిలి ముందుకు వచ్చి, అట్లాగే నిలబడిపోయింది. ఊగలేదు. పక్క మేకుకు వేలాడే కొలతల టేపు మాత్రం నిటారుగానే ఉంది. చేత్తో గోడకు అదిమాను. వదలగానే మళ్లీ వచ్చింది.

నాకు భయమేసింది. రఫీకి ఫోన్ చేస్తే కలవలేదు. చేస్తూనే ఉన్నాను.

కాసేపటికి ముక్క దానంతటదే వెనక్కి పోయి గోడకు ఆనింది. గుండె కుదుటపడింది. అల్హందులిల్లా అనుకుని అన్నం తిన్నాను.

పడవ మునిగిందని సాయంత్రం ఫోన్ వచ్చింది. ఇంజినీరును జాలర్లు కాపాడారు. రఫీ లోపలి గదిలో కడ్డీ బిగిస్తూ ఉండిపోయాడు.

తర్వాత ఇంజినీరు మా ఇంటికొచ్చి జరిగింది చెప్పారు.

"మద్దేనం ఒక పక్కకు ఒరిగిపోయి అట్నే నిలబడిందప్పా, తాళ్లు ఎంత లాగినా లేవలేదు. దిగి సూసినోళ్లు చెప్పినారు, అడుగున ఇసకలో మాత్రం నిటారుగా కూర్చోని ఉండాదంట."

ముక్క గోడకు ఆనిందని నేను నెమ్మదించే వేళకు నా తమ్ముడు నీళ్ల అడుగున ఉన్నాడు. ఇదేమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.