నా పెండ్లికి నా అభ్యంతరం

మా గుడిలో ఎవరికైనా పెండ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదివేవారు. ఫలానావాళ్ళ అమ్మాయికీ ఫలానావాళ్ళ అబ్బాయికీ పెండ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. నాకు తెలిసి ఎవరూ లేచింది లేదు. దీనికి తోడు ఇంకో ఆచారం ఉండేది. ఆ మూడు వారాలూ పెండ్లికూతురు గుడికి రాకూడదు. వస్తే సిగ్గులేనిదంటారు. ఊరందరినీ అడుగుతారు, ఎవరి పెండ్లో ఆ పిల్లను మాత్రం ఇంట్లో కూర్చోబెడతారు. ఇందులో అన్యాయం ఏమిటో అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నా దాకా వచ్చేవరకూ నాకూ తట్టలేదు.

మాది పత్తికొండ దగ్గర పల్లె. తాతల నాటి నుంచి క్రైస్తవులం. మా నాయన సంఘపెద్ద. రెండెకరాల మెట్టచేను, గుడి తాళంచెవి, రెండూ ఆయన చేతిలోనే ఉండేవి. నేను కర్నూలులో మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి పాసయ్యాను. ఆ రోజుల్లో ఆ చదువు చాలు, టీచరు ట్రైనింగులో సీటు కూడా వచ్చింది. సెలవులు అయిపోగానే వెళ్ళి చేరాలి. బడిలో ఆలస్యంగా వేశారు, నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు.

ఆ ఎండాకాలమే మా గుడిలో బండలు పరిచారు. బేతంచెర్ల నుంచి లారీలో బండలు వచ్చాయి, వాటితోపాటు ఒక రాతిపనివాడు వచ్చాడు. అతనూ క్రైస్తవుడే, కానీ వేరే మిషన్. వాళ్ళు ఏట్లో ముంచి బాప్తిస్మం ఇస్తారు, మేము నెత్తిన నీళ్ళు చల్లుతాం. అందుకని రెండు సంఘాలవాళ్ళూ పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు కాదు. తాగడానికే నీళ్ళు దొరకని సీమలో, రక్షణకు ఎన్ని నీళ్ళు కావాలని కొట్లాట.

నేను పనివాళ్ళకు మజ్జిగ తీసుకుపోయేదాన్ని. ఒకరోజు అతను తల పైకెత్తి అడిగాడు. "ఏమ్మా, ఆడోళ్ళు కూర్చునే పక్క వాకిట్లో ఎండ పడతాది. ఈడ నల్లబండ వేసేదా, తెల్లబండ వేసేదా?"

నల్లబండ కాళ్ళు కాలుస్తుంది, తెల్లది వేయమన్నాను. సాయంత్రానికి తెల్లది వేశాడు. ఒక మగవాడు నన్నొక సంగతి అడిగి, నేను చెప్పినట్టు చేయడం నా బతుకులో అదే మొదలు. నవ్వితే నవ్వండి, నా ప్రేమ ఆ బండ దగ్గరే మొదలైంది. పని ముగిసి లారీ ఎక్కేముందు, "నీ ట్రైనింగు అయిపోనీ, వచ్చి అడుగుతా" అన్నాడు. మా నాయననా అన్నాను. "మొదట నిన్ను" అన్నాడు.

అతను పోయిన వారానికి, ఆదివారం పొద్దున అమ్మ, "ఈ పొద్దు గుడికొద్దులే, కోడిని కోసినా, కూర చూసుకో" అంది. సరే అన్నాను. మరుసటి ఆదివారం ఇంకేదో పని పెట్టింది. అప్పుడూ నాకు అనుమానం రాలేదు, అంత తెలివితక్కువదాన్ని. ఆ మధ్యాహ్నం గుడి నుంచి వచ్చిన పక్కింటి అత్త నా బుగ్గ గిల్లి, "ఏమ్మీ, ఉపదేశమ్మవైపోతాండావే" అని మురిసిపోయింది. గండికోట అవతల ఒక ఊళ్ళో ఉపదేశిగా, అంటే పల్లె గుడిలో వాక్యం చెప్పే పనిలో ఉన్నాయన, భార్య పోయి ఇద్దరు పిల్లలున్నాయన, ఆయనకూ నాకూ పెండ్లి. అప్పటికే రెండుసార్లు ప్రకటన చదివేశారు.

నేను నాయన ముందుకు పోయి, నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పేదేముండాది? మంచోడు. దైవభక్తి ఉండాది. నీ చదువు ఆడ పనికొస్తాది" అన్నాడు నాయన.

"నాకిష్టం ల్యా."

"నీ ఇష్టం ఎవరడిగినారు?"

ఆ మాట నిజమే. ఎవరూ అడగలేదు. ఆ వారమంతా నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ప్రార్థన చేసుకోబోయి దేవునితో కూడా పోట్లాడాను. నువ్వు కూడా మా నాయన పక్షమేనా అని నిలదీశాను. జవాబు రాలేదు. మా ఇంట్లో ఆయన తరఫున ఎప్పుడూ నాయనే మాట్లాడుతుంటే ఇక ఆయనకు సందెక్కడిది పాపం అనుకున్నాను.

మూడో ఆదివారం తలకు పోసుకుని, తెల్లచీర కట్టుకుని గుడికి పోయాను. ఆడవాళ్ళ పక్క ముందు వరసలో కూర్చున్నాను. గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి అమ్మ నా కొంగు పట్టి లాగింది, నేను తిరిగి చూడలేదు. అయ్యగారు ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలని అడిగి, ఎప్పటిలాగే తల ఎత్తకుండా పేజీ తిప్పబోయారు. నేను లేచాను.

"నాకుండాది అయ్యగారూ."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. మంచి మనిషే, కాకపోతే ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. ఏమిటమ్మా అన్నారు. నాకిష్టం లేదన్నాను.

"అది అభ్యంతరం కాదు తల్లీ. అతనికి వేరే భార్య బతికుంటే, మీ ఇద్దరికీ రక్తసంబంధం ఉంటే, అట్లాంటివి చెప్పాలి. ఇష్టం లేకపోవడం అందులో రాదు."

"మరి పెండ్లిరోజు అందరి ముందర, ఇతన్ని చేసుకునేకి నీకిష్టమేనా అని నన్నడుగుతారే. ఆ రోజు కాదంటా. వాళ్ళు అంత దూరం నుంచి బండ్లు కట్టుకోని వచ్చినాక వినేకంటే ఈ పొద్దే వినండి."

మగవాళ్ళ పక్క ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన లేచి నిలబడ్డాడు. "నీ మనసులో ఎవరన్నా ఉండారా?"

"ఉండారు. ఆయన లేకపోయినా ఇదే మాట చెప్తా."

అయ్యగారు నన్నూ నాయననూ మార్చి మార్చి చూసి, పుస్తకం మూశారు. అభ్యంతరం వచ్చింది కాబట్టి ఈ ప్రకటన ఆపుతున్నానని చెప్పి, పాట అందుకోమన్నారు. నేనే మొదలుపెట్టాను. చివరి చరణం దాకా పాడాను.

రాతిపనివాణ్ణి చేసుకోవడానికి నాకు ఇంకో మూడేళ్ళు పట్టింది. మా ప్రకటన చదివిన మూడు ఆదివారాలూ నేను గుడిలోనే ఉన్నాను, నన్ను రావద్దనే సాహసం ఎవరూ చేయలేదు. అయితే అవన్నీ ఆ రోజు మధ్యాహ్నం మా వంటింట్లో తేలిన దాన్నిబట్టి జరిగినవి.

ఇంటికొచ్చాక నాయన పీట మీద కూర్చుని, అమ్మతో అన్నాడు. "దీనికి ఈ ఇంట్లో కూడు ల్యా. ట్రైనింగూ ల్యా. నా పరువు తీసినాది, ఇంగ ఈ గడప దాటనీయను."

మా ఇంట్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు కూర్చునేది. అమ్మ సంగటి ముద్ద తీసి ఒక తట్టలో పెట్టి, నాయన ముందున్న ఖాళీ తట్టను దాటుకుని వచ్చి, గోడవారగా నిలబడ్డ నా చేతికి ఇచ్చింది. "తిను" అంది. తర్వాత నాయన వైపు తిరిగింది.

"నా పెండ్లి కూడా గుడిలో చదివినారు. మూడు వారాలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టినారు. గుడి గోడ పక్కనే మా అమ్మోళ్ళ ఇల్లు, అంతా వింటాంటి. ఎవరికన్నా అభ్యంతరం ఉండాదా అని అడిగినప్పుడల్లా వాకిలి దాకా వచ్చి నిలబడతాంటి. నువ్వు చెడ్డోనివని కాదు. నన్నెవరూ అడగల్యా."

అమ్మ అంతసేపు ఒక్క బిగిన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాయన కూడా విని ఉండడు. ఖాళీ తట్టలో వేలితో గీతలు గీశాడు. చివరికి నా వైపు చూడకుండానే, "ట్రైనింగుకు పో. రేపు స్టేషనుకు బండి కట్టిస్తా" అన్నాడు.

ఆ తర్వాత అమ్మను చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడడుగుతాండా. నేను నీకు ఇష్టమేనా?"

అమ్మ ఆయన తట్టలో సంగటి పెట్టి, దాని మీద పప్పు పోసింది.

"ఆలోచించి చెప్తా" అంది.